మూతలకు వేరే సంచి

వీధిలో అందరూ ఆమెను సీసాలమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే పేరు. నీళ్ల సీసా చేతికందితే చాలు, మూత తిప్పి, మెడకున్న రింగు ఊడబెరికి, కాగితం ఒలిచి, మెలితిప్పి, కాలికింద వేసి తొక్కుతుంది. చిటికెలో పని. మూతలు వేరే రకం ప్లాస్టిక్కు కాబట్టి వాటికి వేరే సంచి. ఆ వీధి చెత్తంతా ఆమె చేతుల మీదుగా మళ్లీ సరుకవుతుంది. ఆమె గుక్కెడు నీళ్లడిగితే మాత్రం గేటు బయట నిలబెట్టి పోస్తారు మహానుభావులు.

కూతురు నర్సు చదువు పూర్తి చేసింది. పట్టాలిచ్చే రోజు తల్లిని రమ్మంది.

"నేనెందుకులేవే, ఫోటోల్లో చూస్తాలే."

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను."

కాలేజీలో తన పని సంగతి చెప్పావా అని అడగడానికి సీసాలమ్మకు నోరు రాలేదు. ఆ రెండు గంటలూ తనవల్ల పిల్లకు తలవంపులు రాకుండా ఉంటే అంతే చాలనుకుంది. గోళ్లలోని నలుపు పోయేదాకా రాతితో రుద్దుకుంది. కూతురు కొనిచ్చిన కొత్త చేతిసంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

హాల్లో మెత్తటి కుర్చీ. లేచి వెళ్లమని ఎవరూ అనలేదు. పైగా చేతికి నీళ్ల సీసా కూడా ఇచ్చారు. తెల్లబట్టల్లో కూతురు వేదికెక్కి పట్టా అందుకుంటుంటే సీసాలమ్మ కళ్లార్పకుండా చూసింది. చూస్తూనే నీళ్లన్నీ తాగేసింది. కళ్లు వేదిక మీదే ఉన్నాయి గానీ, ఆ చేతులు ఎవరి మాటా వినే రకం కాదు. మూత తిరిగింది, రింగు ఊడింది, సీసా కాలికింద ఫట్టుమంది.

పక్కావిడ తన హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. కుర్చీలు చూసే మనిషి పరుగున వచ్చాడు.

"ఏయ్, చెత్త ఏరుకోవడానికి నిన్నెవరు లోపలికి రానిచ్చారు? ఎవరి తాలూకు నువ్వు?"

పెదవుల దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది.

"ఎవరి తాలూకూ కాదు బాబూ. వెళ్లిపోతున్నా."

ఏ తల్లి నోటా రాకూడని అబద్ధం అది. నొక్కిన సీసాను సంచిలో దాచుకుని, తలొంచుకుని లేచింది.

అప్పటికే కూతురు వేదిక దిగి వచ్చేసింది. తల్లి భుజం నొక్కి కూర్చోబెట్టి, పట్టా ఆమె ఒళ్లో పెట్టింది. తన సీసాలోని నీళ్లు నిలబడే గటగటా తాగింది. మూత తిప్పింది, రింగు పెరికింది, కాగితం ఒలిచింది. తెల్లబూటుతో తొక్కితే హాలంతా వినబడింది.

"మా అమ్మండీ," అంది ఆ మనిషితో.

అతను పక్కకు తప్పుకున్నాడు. కూతురు సీసానూ మూతనూ తల్లి సంచిలో వేసి పక్కనే కూర్చుంది. సీసాలమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, మూత బయటికి తీసింది.

"మూతలు ఇందులో వెయ్యకూడదు కదే! అప్పుడే మర్చిపోయావా?"