గరీబు అని రాసిన చీటీ

మా బడిలో మార్కులు ఉండేవి కావు, మాటలు ఉండేవి. గుడ్, ఫెయిర్, పూర్. పూర్ అంటే తప్పినట్టే. పన్నెండేళ్ల పిల్ల ఏడాదంతా పడిన పాట్లను ఒక్క మాటలో తేల్చేసి, కింద ఓ సంతకం గీకి, కవరులో పెట్టి ఇంటికి పంపేవారు. ఆ ఒక్క మాట రాయడానికి ఆరుగురు టీచర్లు, బడిని నడిపే ఒక పెద్ద దొరసాని, సీమ నుంచి ఓడలో దిగిన సిలబస్సు. అంత ఆర్భాటం దేనికో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఎనభై దాటిన తర్వాతా అర్థం కాలేదు.

శంషాబాద్‌లో మా జొన్నచేలు ఉన్న చోట ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. ఆ రోజుల్లో అక్కడి నుంచి మా బాపు వారానికోసారి బండెడు గడ్డి వేసుకుని, బుద్వేల్ మీదుగా సిటీ అంచున ఉన్న ఆ బడికి వెళ్లేవాడు. బడికి గుర్రాలుండేవి. దొరల పిల్లలు, నవాబుల పిల్లలు, పార్సీల పిల్లలు వాటిని ఎక్కి దిగడం కూడా అక్కడ ఒక సబ్జెక్టే. గుర్రాలకు మేత వేసిన పుణ్యానికి నాకు హాస్టల్లో సీటు దొరికింది. నాయనమ్మ మాత్రం షరతు పెట్టింది.

"ఒక్క దాంట్ల తప్పినా ఇంటికి తోలుకరావాలె. మేనబావతోని లగ్గం జేస్త" అంది.

మా మేనబావ మంచివాడే. కానీ నాకు ఇంకా చదువుకోవాలని ఉండేది.

ఏం చదువు అని అడగకండి. సీమలోని నదులన్నీ వరసగా అప్పజెప్పేదాన్ని. మా ఊరి దగ్గర పారే ఈసీ వాగు మాత్రం వాళ్ల మ్యాపులో లేదు. ఎన్నడూ తినని పుడ్డింగు ఎలా వండాలో బొమ్మలు గీసి చూపించాను, దానికి గుడ్ ఇచ్చారు. చలికాలంలో ఏ పిట్టలు దేశం విడిచి పోతాయో రాశాను. ఆ పిట్టల్ని నేనూ చూడలేదు, రాయించిన టీచరు చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియాలి. తెలుగు అన్న గడిలో మాత్రం అడ్డంగా ఒక గీత గీసేవారు. అది లెక్కలోకి రాదట.

నన్ను ముంచింది లెక్కలు. వాళ్ల దేశంలో బరువును రాళ్లతో చెబుతారు. పద్నాలుగు పౌండ్లయితే ఒక రాయి. పరీక్షలో ఒక బస్తా తొమ్మిది రాళ్ల బరువుందని ఇస్తే, నేను లేచి "ఎంత రాయి, టీచర్?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. టీచరు నన్ను వరండాలో నిలబెట్టింది. లోపల పరీక్ష అయిపోయింది.

సెలవులకు కవరు తీసుకుని ఇంటికొచ్చాను. పిల్ల చీటీ పిల్లే చదివితే నమ్మేదెలా అని బాపు నన్ను పట్వారీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఉర్దూలో దిట్ట. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. కుట్టుపని గడిలో ఫెయిర్ అని ఉంది.

"ఫెయిర్ అంటే తెల్లగ. బిడ్డ తెల్లగ కుడుతదట" అన్నాడు.

ఆ కింద గడి దగ్గర ఆగి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గీ గడి దేనిది బిడ్డా?"

"లెక్కలు" అన్నాను. గుండెల్లో రాయి పడింది, పద్నాలుగు పౌండ్లది.

పట్వారీకి లెక్కలంటే భూమి లెక్కలే. పూర్ అన్న మాట ఆయనకు బాగా తెలుసు. సిటీ దవాఖానలో పేదల వార్డు మీద చూశాడట. "పటేలా, జర మంచిగ లేదు. మీ ఆస్తి లెక్క దీసి, మీరు గరీబోళ్లని రాసిన్రు" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. విప్పితే లగ్గమే.

"రెండు మోటబావులున్నోన్ని, నేను గరీబోన్నా?" అని బాపు చీటీ లాక్కున్నాడు. "నా గడ్డి తిన్న గుర్రాలు గట్ల రాస్తయా?"

తెల్లారి తన కలిమి చూపించడానికి బండిలో ఆరు సంచుల జొన్నలు ఎక్కించాడు. యుద్ధం రోజులు, గింజలు ఊరు దాటితే పట్టుకునేవారు కాబట్టి దారిలో ఆపకుండా పట్వారీ చేత చిట్టీ రాయించుకున్నాడు. దొరసానితో మాట్లాడేందుకు నన్ను ముందు కూర్చోబెట్టాడు. దొరసానికి పానీ లావ్, జల్దీ తప్ప మూడో మాట రాదు మరి. దారి పొడుగునా నాకు ఒకటే భయం. నిజం చెబితే ఇంటికి, అబద్ధం దొరికితే కూడా ఇంటికే.

బాపు ఆఫీసు గది గడపలో నిలబడి "గరీబోళ్లని ఎందుకు రాసినవో అడుగు" అన్నాడు. లెక్కల్లో పూర్ ఎందుకిచ్చారో అడుగుతున్నాడని నేను చెప్పాను. దొరసాని ముక్కు ఎగరేసి చాలాసేపు మాట్లాడింది. ఈ అమ్మాయికి లెక్కలు ఈ జన్మలో రావట. ఇంటికి తీసుకుపోయి కుట్టుపని నేర్పుకుంటే మేలట.

"ఏమంటున్నది?"

"తప్పయింది, మాఫ్ చెయ్యమంటున్నది, బాపు."

బాపు ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. సంచులు దింపించాడు. రేషను గింజలతో నెట్టుకొస్తున్న హాస్టలు కదా, దొరసాని వరండాలోకి నడిచొచ్చింది. లెక్కల టీచరు తూకం రాసుకోవడానికి రిజిస్టరు తెచ్చింది. ఒక్కో సంచి అరవై అయిదు సేర్లు తూగింది. ఆమె సేర్లను పౌండ్లు చేసి, పౌండ్లను రాళ్లు చేసి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టింది.

"మూడు పల్లాల ముప్పై సేర్లు" అన్నాను. నూట ఇరవై సేర్లకు ఒక పల్లా. మా కల్లంలో అడిగితే ఎవరైనా చెబుతారు.

టీచరు తలెత్తి, "ఈ లెక్క సిలబస్సులో లేదు" అంది. దొరసాని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది. జొన్నలకు మాత్రం సిలబస్సు అడ్డం రాలేదు. ఇంటికి పంపే మాట దొరసాని మళ్లీ ఎత్తలేదు కూడా.

బాపు ఎద్దులు కట్టి నన్ను బండి చాటుకు పిలిచాడు. "బిడ్డా, మాఫీ అడిగేటోళ్ల మొఖం గట్లుంటదా?"

నేను తల దించుకున్నాను.

"లెక్కల్ల తప్పినవ్ గదా?"

తల ఊపాను. ఏడుపు ఆగలేదు. ఆయన కండువాతో నా మొహం గట్టిగా తుడిచాడు. "ఏడువకు. నేను ఇంక వేళ్ల మీదనే లెక్కవెడుతున్న, నువ్వు మూడు పల్లాల ముప్పై అనేసినవ్. ఆమెకేం దెలుసు?"

"నాయనమ్మకు ఏం జెప్తవ్ బాపు?"

"ఏం జెప్త. బండెడు జొన్నలు పోసినా మనం గరీబోళ్లమే అంటున్నరని జెప్త" అని బండి తోలుకుని వెళ్లిపోయాడు.

నేను ఆ బడిలో చివరి క్లాసు దాకా చదివాను. అంతవరకూ లెక్కల్లో ఎన్నిసార్లు పూర్ వచ్చినా, ఆ చీటీని పట్వారీ ఒకేలా చదివాడు, బాపు నాయనమ్మ ముందు ఒకేలా కోప్పడ్డాడు. ఊళ్లో ఆయన పేరు గరీబు పటేల్ అయిపోయింది. రచ్చ దగ్గర ఎవరైనా నవ్వుతూ అలా పిలిస్తే, రెండు మోటబావుల రైతు తిరిగి చూసి పలికేవాడు. పోయేదాకా పలికాడు.