కూర్చుంటేనే బేరం

కాగితం కరువైన యుద్ధం రోజుల్లో కూడా, నరసరావుపేటలో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు నిలబడి అమ్మేవాడి దగ్గర కాగితం కొనేవారు కాదు. ‘పలకటానికి ఒకటే అయినా స్టేషనరీలు రెండురా. ఒకటి కదలనిది, రెండోది కాగితాలూ కలాలూ. పూర్వం ఇంగ్లండులో ఊళ్లు తిరక్కుండా ఒక్కచోటే కొట్టు పెట్టుకున్నవాడు అమ్మేవాడు కాబట్టి వాటికా పేరు’ అనేవారు. అందుకే మూటతో తిరిగే కాగితాల సాయిబును ముందు బడి అరుగు మీద కూర్చోబెట్టి, ఆనక బేరమాడేవారు.

బదిలీ అయి ఆయన రైలెక్కిన రోజు, సాయిబు దస్తా కాగితాలతో ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చాడు.

‘ముందు కూర్చో సాయిబూ!’ అన్నారు మాస్టారు కిటికీలోంచి.

అలవాటు కొద్దీ చతికిలబడ్డాడు. రైలు కదిలిపోయింది.

దస్తా పైకెత్తి సాయిబు అరిచాడు: ‘ఇయ్యాల అమ్మటానికి రాలా మాస్టారూ, ఊరికే ఇచ్చిపోదామని వచ్చా!’