కూరకు కట్టిన కంచె

మొక్కల మీద పరిశోధన చేసి పేరు ముందు డాక్టర్ అని తగిలించుకోవాలని నేను తెగ ఉబలాటపడుతున్న రోజులవి. రావిర్యాల దగ్గర మాకు కొంచెం బీడు భూమి ఉంది. తొలకరి పడగానే అందులో చెంచలి కూర దానంతటదే మొలుస్తుంది. మా నాన్న అక్క, అంటే మా అత్త, పొద్దున్నే వెళ్లి కొంగులో తెంపుకొచ్చి పప్పులో వేసేది. ఆ పప్పు తిని పెరిగిన నేను, ఏటా ఇలా తెంపితే ఆ మొక్క అంతరించిపోతుందని నిరూపించడానికి నడుం కట్టాను. కృతజ్ఞత అంటే అలా ఉండాలి మరి.

బీడు చుట్టూ ముళ్లకంచె వేసి, ‘ఎవరూ ఏమీ తెంపరాదు’ అని బోర్డు తగిలించాను. అత్తకు చదువు రాదు కాబట్టి దాన్ని నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

“ఎన్ని దినాలు?” అని అడిగింది.

“రెండు వానకాలాలు అత్తా. మస్తుగ పెరుగుతది, చూడు.”

నెత్తి మీద నుంచి విమానం పోతోంది. విమానాశ్రయం దగ్గరే కాబట్టి మా వైపు ఏ తగాదా అయినా విమానం పోయేదాకా ఆగాల్సిందే. పోయాక తిడుతుందని ఎదురుచూశాను. ఆమె కొంగు దులుపుకుని, గట్టు దాటి పక్కవాళ్ల బీడులోకి వెళ్లింది. ఆ రెండేళ్లూ అక్కడే తెంపుకుంది.

రెండో వానాకాలానికి నా కంచె లోపల వయ్యారిభామ నడుము దాకా లేచింది. ఆ కలుపు చేతికి తగిలితే దురద, ముక్కు దగ్గరికి వస్తే తుమ్ములు. తుమ్ముకుంటూ చెంచలి కోసం వెతికాను. లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలాయి. ఆమె రోజూ తెంపుతున్న పక్క బీడులో మాత్రం కాలు పెట్టడానికి సందు లేనంత కూర. ఆ సంగతి నా పరిశోధన చూసే గైడుకు చెప్పకుండా దాచి, వానల్ని తిట్టుకున్నాను.

ఊళ్లో మిగతా బీళ్లన్నీ ఎప్పుడో ప్లాట్లయ్యాయి. ఇంతలో పక్క బీడూ ప్లాట్లకు అమ్ముడుపోయింది. డోజరు వచ్చి ఒక్కరోజులో చదును చేసింది. మర్నాడు అత్త నా కంచె దగ్గర నిలబడింది.

“ఇగ తియ్యిరా అల్లుడా. నీ తాన మస్తుంటది గదా.”

తీశాను. ఆమె లోపలికి అడుగుపెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

“గీ వయ్యారిభామను ఎవ్వలు పీకలేదా?”

“పరిశోధనల ఏం ముట్టుకోవద్దు అత్తా.”

“గిన్నేండ్లు నేను కూర తెంపుడే చూసినవా? పువ్వు రాకముందే దీన్ని పీకుడు చూడలేదా? ఇత్తనానికి మొక్కలు ఇడిసిపెట్టుడు చూడలేదా?”

చూడలేదు. ఊళ్లో ప్రతి గడ్డిపరకకూ లాటిన్ పేరు చెప్పగలను గానీ, మా అత్త చేతులేం చేస్తున్నాయో ఒక్కరోజూ చూడలేదు.

“మరి అప్పుడే ఎందుకు చెప్పలే?”

“సదువుకున్నోనివి, నాకంటె ఎక్కువ తెలిసుంటదనుకున్న.”

వెక్కిరించి ఉంటే బాగుండేది. ఆమె నిజంగానే అలా అనుకుంది.

ఒక మూల మూడు చెంచలి మొక్కలు మిగిలాయి. అత్త వాటిని తెంపలేదు. పక్కనే కూర్చుని ఒట్టి చేతులతో వయ్యారిభామ పీకడం మొదలుపెట్టింది. నేనూ కూర్చుని పీకాను. కాసేపటికే మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి.

“మళ్ల వస్తదా అత్తా?”

ఆమె తలెత్తలేదు.

“గీ మూడు ఇత్తనం కడితె వస్తది. లేకుంటె ఇగ మన ఊళ్లె లేనట్టే.”