మీటరును నమ్మి, మనిషిని నమ్మక

2023 వానాకాలం, నాట్ల రోజులు. కామారెడ్డిలో నేను కార్ల షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే ఒక సేటు తన డీజిల్ కారు పంపి, మైలేజీ పదిహేను నుంచి పన్నెండుకు పడిపోయింది, చూడమన్నాడు. మైలేజీ అంటే లీటరుకు బండి నడిచే కిలోమీటర్లు. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, బ్రేకులు అన్నీ చూశాను. ఎక్కడా లోపం లేదు. ఫోన్ చేసి, "బండి మంచిగనే ఉంది సేటూ, డీజిల్ ఎటు పోతుందో మీరే చూసుకోవాలె" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

వారం తిరగకముందే ఆయన డ్రైవర్ ఖాజా భాయి బస్సు దిగి నా షెడ్డుకు వచ్చాడు. పన్నెండేళ్లుగా ఆ ఇంటి బండి నడిపిన మనిషి. యూరియా కోసం లైన్లో నిల్చున్న రైతుల ముందు సేటు ఆయన్ను డీజిల్ దొంగ అన్నాడట. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమన్నాడట. వేయనంటే పనిలోంచి తీసేశాడట.

"నా బిడ్డ నెత్తి మీద ఒట్టెందుకు పెట్టాలె అన్నా? నువ్వేమో బండి మంచిగుంది అంటివి. ఇగ మిగిలింది నేనే కద" అన్నాడు.

వెంటనే సేటుకు ఫోన్ చేశాను. బండి తీసుకుని సేటునే స్వయంగా రమ్మన్నాను. ఈసారి మొదట చక్రాలు చూశాను. కంపెనీ సైజు కాదు. బండి దర్జాగా కనబడాలని ఉగాదికి హైదరాబాద్‌లో పెద్ద టైర్లు వేయించాడట. ఇంజిన్ విప్పే తొందరలో కళ్లెదుట ఉన్నది నేను వదిలేశాను.

ఓడోమీటర్, అంటే కిలోమీటర్లు చూపే మీటరు, చక్రం చుట్లను లెక్కపెడుతుంది. పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత కొలతే వేస్తుంది. నడిచిన దూరం తక్కువ కనబడితే మైలేజీ కూడా తక్కువే వస్తుంది.

సేటును పక్కన కూర్చోబెట్టుకుని ఎల్లారెడ్డి రోడ్డు పట్టాను. ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి, రాళ్లు లెక్కపెట్టమన్నాను. పది కిలోమీటర్లు పూర్తయ్యేసరికి మీటరు 9.2 చూపింది. మిగతా తరుగు ఆ వెడల్పు టైర్ల బరువుది, సేటు ఎక్కేసరికి చల్లగా ఉండాలని నిలబెట్టిన బండిలో ఆడించే ఏసీది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆయన సోకుకు ఖాజా భాయి దొంగయ్యాడు.

తిరిగొచ్చేసరికి ఖాజా భాయి షెడ్డు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. సేటు బండి దిగి ఆయనతో, "సరే తీయ్, రేపటి సంది డ్యూటీకి రా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో పరువు తీసి, దానికి ఇదా జవాబు?

ఖాజా భాయి నెమ్మదిగా, "వస్త సేటూ. గని ఆ రైతుల ముందటనే చెప్పాలె, నేను దొంగను కానని" అన్నాడు.

సేటు బండెక్కి పోయాడు. ఖాజా భాయి ఇప్పుడు భిక్నూర్‌లో స్కూలు బస్సు నడుపుతున్నాడు.

సేటు చెప్పకపోతే నేనే చెబుతానని మరుసటి వారం ఎల్లారెడ్డి వెళ్లాను. సేటు దుకాణం ముందు యూరియా లైన్లో ఉన్నవాళ్లకు జరిగిందంతా చెప్పాను. ఓపికగా విన్న ఒక పెద్దాయన, "ఆ దినం ఉన్నోళ్లు మేము గాదు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు ఎవరి బండి వచ్చినా మొదట టైరు మీద సైజు చదువుతాను. కారణం దొరక్కపోతే, నాకు తెలియలేదనే చెబుతాను.