మల్లేశన్నకు నేనిచ్చిన రిలీజ్

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉపవాస శుక్రవారం నాడు రియాద్‌లో మీ ముందు నిలబడి నోరు తెరిచే ధైర్యమిచ్చిన దేవునికే మహిమ! తాగుడు నుంచి, జబ్బుల నుంచి విడుదల పొందిన సాక్ష్యాలు ఈ గదిలో చాలా విన్నాను, విని ఏడ్చాను కూడా. నాది అలాంటిది కాదు. నా జబ్బుకి ఏ డాక్టరూ పేరు పెట్టలేదు. నేను ఒకచోట కూర్చోలేను, అంతే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. మాది రాజమండ్రి దగ్గర. పందొమ్మిదో ఏట మిషనరీగా బయల్దేరి రెండేళ్ళు బెంగళూరులో, కోయంబత్తూరులో తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళ పెట్టుకుని తిరిగాను. జనం మోర్మన్లు వచ్చారనేవారు, మీసం సరిగా మొలవని నన్ను మనవాళ్ళందరూ ఎల్డర్ అనేవారు, అంటే పెద్ద అని! తెల్లారితే తలుపులు తట్టడమే పని, పక్కన ఎప్పుడూ ఒక జతగాడు ఉండాల్సిందే, ఒంటరిగా వీధి చివరి కొట్టుకి కూడా వెళ్ళకూడదు. అలా అలవాటుపడ్డవాణ్ణి ఈ రియాద్ దగ్గరి అల్ ఖర్జ్‌లో పాల ఫారానికి కూలింగ్ మెకానిక్‌గా వచ్చి పడ్డాను. ఇక్కడ ఎవరి తలుపూ తట్టకూడదు, బయట సువార్త మాటే ఎత్తకూడదు, మనలో మనం తలుపేసుకుని కూడుకోవడమే. జతగాడూ లేడు. డ్యూటీ అయ్యాక కాలుగాలిన పిల్లిలా క్యాంపు చుట్టూ తిరిగేవాణ్ణి, తింటూ ఫోను చూసేవాణ్ణి, ప్రార్థన చేస్తూ కూడా ఆమేన్ ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి! రెండేళ్ళు దేవుని పని చేసిన మనిషిని ఇప్పుడు దేనికీ పనికిరానా అని లోపల ఒకటే పీకులాట.

ఆ పరిస్థితిలో, ఇదిగో ఇక్కడ కూర్చున్న మన పెద్దలు రాజారావు గారు నన్ను పిలిచి, అల్ ఖర్జ్‌లో కూడుకునే పదకొండు మందికీ నువ్వే నాయకుడివి అన్నారు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఇంక చూడండి నా ఆర్భాటం! ఒక నెలలో ఆరాధన టైము మూడుసార్లు మార్చాను, రోజూ అందరికీ వాయిస్ మెసేజులు, పాటలు ఎంచేవాళ్ళని పాఠం చెప్పమన్నాను, పాఠం చెప్పేవాళ్ళని ఇంకోటి చెయ్యమన్నాను. పాపం, వాళ్ళు ఏమీ అనలేదు. నన్ను చూసి జాలిపడ్డారని ఇప్పుడు తెలుస్తోంది.

మన సంఘంలో ఏ సేవైనా పిలుపే కదా. ఆ పిలుపు అయిపోతే రిలీజ్ అంటాం, అందరం చేతులెత్తి థాంక్స్ చెబుతాం. అదే మాట గడప దాటితే వేరు. కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, పనిచేసేవాడు వేరే పనిలోకి మారాలంటే ఆ కఫీల్ ఇచ్చే కాయితమే రిలీజ్, దానికోసం మనవాళ్ళు ఏళ్ళ తరబడి కాచుకుంటారు. రెండూ నాకు తెలుసు. తెలిసీ ఈ పొరపాటు చేశాను.

మా గుంపులో మల్లేశన్న అని ఒకాయన, నలభై దాటినాయన, జగిత్యాల వైపు మనిషి. హైదరాబాదులో మేస్త్రీ పని చేసేటప్పుడే బాప్తిస్మం తీసుకున్నాడు. అల్ ఖర్జ్ అవతల ఒక ముసలి కఫీల్ ఖర్జూరపు తోటలో నీళ్ళు పారిస్తాడు. ఆయన ఇక్కడికొచ్చాకే ఇంటిదగ్గర కూతురు పుట్టింది. నాలుగేళ్ళయింది, ఆ బిడ్డని ఫోనులో తప్ప చూడలేదు, నీళ్ళు చూసుకోడానికి ఇంకొకడు లేడని కఫీల్ సెలవివ్వడు. మా కంపెనీలోనైతే రెండేళ్ళకోసారి సెలవు ఖాయం. అందుకని తనని మా కంపెనీలోకి తీసుకోమని మా ముదీర్‌తో, అంటే మేనేజరుతో, ఒక్క మాట మాట్లాడమని నన్ను బతిమాలాడు. రేపే అడుగుతానన్నా అన్నాను. ఆ రేపు రాలేదు, నేనే మర్చిపోయాను, సిగ్గుతో చెబుతున్నాను.

ఆరాధనలో ప్రభువు సంస్కారానికి రొట్టె తెచ్చే పిలుపు మల్లేశన్నది. తోట నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎండలో నడిచి, దొరికిన బండి ఎక్కి వచ్చేవాడు, కాస్త ఆలస్యమయ్యేది, ఆ కాస్తకే నేను వాచీ చూసుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఇలా లాభం లేదు, రొట్టె క్యాంపులో ఉన్నవాళ్ళే తేవాలి అనుకున్నాను. ముఖాముఖి కూర్చుని చెప్పాల్సిన మాట! ఒక బుధవారం కంప్రెసర్ ఆగిపోతే నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో పానా పట్టుకుని, ఇంకో చేత్తో వాయిస్ మెసేజ్ పెట్టాను. "మల్లేశన్నా, వందనాలు. నీకు రిలీజ్ అయిపోయిందన్నా. ఇన్నాళ్ళూ చేసినదానికి చాలా థాంక్స్. మిగతాది శుక్రవారం మాట్లాడదాం."

మర్నాడు మధ్యాహ్నం క్యాంపు గేటు దగ్గర ఎవరో వచ్చారంటే వెళ్ళాను. మల్లేశన్న. పక్కన తాడుతో కట్టిన బ్యాగు. కుక్కరు, దుప్పటి తోటలో ఉన్న బంగ్లాదేశ్ అతనికి ఇచ్చేసి వచ్చాడట. తలకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్నాడు, నవ్వుతున్నాడు. "కఫీల్ జర గరమైండు ఎల్డర్. పొద్దుమీకే వరకు తోటల లేకుంటె హురూబ్ రాస్త అంటుండు. కంపెనీ కాయితం సూపెడ్తె సల్లవడ్తడు. కాయితమేది?"

హురూబ్ అంటే పారిపోయాడని ఫిర్యాదు. అది పడితే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది, పట్టుకుని పంపేస్తారు, మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేడు. రాజారావు గారికి ఫోను చేశాను, ఎత్తలేదు. ముదీర్ దగ్గరికి పరుగెత్తాను, ఊళ్ళో లేడు. ఇంకా ఎవరికి చెయ్యాలా అని ఫోనులో పేర్లు పైకీ కిందకీ తోస్తున్నాను. సహోదరులారా, అబద్ధం నా నోటిదాకా వచ్చింది. కాయితం ఆలస్యమైందన్నా, నువ్వు తోటకి పో, నేను చూసుకుంటాను అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు, నేను ఏం చెప్పినా నమ్మేవాడు!

కూలింగ్ రూములోకి వెళ్ళి నేల మీద కూలబడి ప్రార్థన చేశాను. "పరలోక తండ్రీ, నన్ను కూర్చోబెట్టు. నేను పరుగెత్తినచోటల్లా ఎవరికో దెబ్బ తగులుతోంది. నిజం చెప్పేదాకా నన్ను ఈ మనిషి పక్కనే కూర్చోబెట్టు." అంతకన్నా మాటలు రాలేదు. కానీ ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఆమేన్ కోసం తొందరపడలేదు.

బయటికొచ్చి గేటు పక్క అరుగు మీద ఆయన పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, రిలీజ్ అన్నది రొట్టె తెచ్చే పిలుపు నుంచి అని, ముదీర్‌ని అసలు అడగనే లేదని. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బ్యాగు తాడు ముడి బిగించుకుంటూ అడిగాడు. "మెసేజ్ ఇని మోకాళ్ళ మీద వడి స్తోత్రం చేసిన గద ఎల్డర్. గా స్తోత్రం ఎవ్వలికి వోయింది?"

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నీతో తోటకి వస్తానన్నా అన్నాను.

కఫీల్ దగ్గర డ్రైవరు యూసుఫ్ భాయ్, కడప మనిషి, మా ఇద్దరి మాటా అరబీలో చెప్పేది ఆయనే. తప్పు నాది, రిలీజ్ ఇచ్చింది నేను, మా ప్రార్థనకి రొట్టె తెచ్చే పని నుంచి ఇచ్చాను అని చెప్పమన్నాను. యూసుఫ్ భాయ్ గొంతు తగ్గించి, "బాగా ఆలోచన చేసుకో అబ్బీ. ప్రార్థన మాట చెప్పినాంక మళ్ళా ఎనక్కి తీసుకునేది లేదు" అన్నాడు. భయం వెయ్యలేదని చెప్పను. కానీ ఇంకో మాటేదీ నిజం కాదు. చెప్పమన్నాను.

ముసలాయన విని, రొట్టె మోసే పని పోయిందని ఇల్లు ఖాళీ చేసేంత సంతోషమా, అంత బరువైన రొట్టెలా అని అడిగాడట. యూసుఫ్ భాయ్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు మల్లేశన్న తనకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో బింతీ, అంటే నా బిడ్డ, అని, నాలుగు వేళ్ళు చూపించాడు. అంతే. ముసలాయన మా ఇద్దరికీ గహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోశాడు.

సహోదరులారా, హురూబ్ పడలేదు, దేవునికే స్తోత్రం! రిలీజ్ కూడా రాలేదు, ఆ మాటా దాచను. నీళ్ళు చూసే ఇంకో మనిషి దొరికితే సెలవు మీద పంపిస్తానన్నాడు, ఇంకా పంపలేదు. కానీ ఆ తర్వాతి శుక్రవారం నుంచి మల్లేశన్నని యూసుఫ్ భాయ్ బండిలో దింపుతున్నాడు, ఆ ముసలాయన చెబితేనే. ఎక్కడికో నాకు చెప్పొద్దు, సాయంత్రం అసర్ నమాజు వేళకి తోటలో ఉండాలి అన్నాడట. మా ముదీర్‌ని కూడా అడిగాను, ఈసారి నిజంగా అడిగాను, కఫీల్ కాయితమిస్తే తీసుకుంటానన్నాడు.

ఆ తర్వాత రాజారావు గారి దగ్గరికి వచ్చి, ఈ నాయకత్వం నావల్ల కాదు, నన్ను రిలీజ్ చెయ్యండి అని అడిగాను. ఆయన ఒకటే అన్నారు, వెళ్ళి మల్లేశ్‌ని అడుగు, ఆయన సరేనంటే నాకూ సరే అని. తోటకి వెళ్ళాను. పాదు కడుతున్నాడు. ఎలా అడగాలో తెలియక నిలబడే ఉన్నాను, కాళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. ఆయన పార పక్కన పెట్టి గట్టు చూపించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అడిగాను. మట్టి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కాయితం నా శేతుల ఉన్నా నీకియ్య ఎల్డర్. నాకు నువ్వు గావాలె" అన్నాడు.

ప్రియులారా, నా విడుదల అదే, నన్ను వదలకపోవడమే! లోపల కుదురు లేనివాళ్ళు ఈ గదిలో ఇంకా ఉంటే, ఎక్కడికీ పరుగెత్తకండి, నా పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి, కలిసి ప్రార్థన చేద్దాం, ప్రభువు తొందరలేని దేవుడు, నమ్మండి. మల్లేశన్న బిడ్డ పేరు సువార్త. ఆ పేరు కూడా ప్రార్థనలో పెట్టండని యేసు క్రీస్తు నామంలో మిమ్మల్ని అడుగుతున్నాను, ఆమేన్.