అక్క దుడ్లు యాడ పెట్టాల

సముద్రం అవతల మలయాలో నర్సు ఉద్యోగం ఖాయమైందని అక్కకు కబురు వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద రగడ జరిగింది. ఆమె వెళ్లడం గురించి కాదు, అక్కడినుంచి పంపబోయే డబ్బు ఎక్కడ ఉండాలన్నదాని గురించి. అది 1954. మాది ఆళ్లగడ్డ. అమ్మ పోయి రెండేళ్లయింది. నాయన, అక్క, నేను, కాస్త పత్తి చేను, ఒక జత ఎద్దులు, అంతే మా సంసారం. అక్క నంద్యాల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. నేను అప్పుడే హైస్కూలు ముగించి, ఎవరేమన్నా ఎదురుచెప్పే పనిలో ఉన్నాను.

అక్కకు ఒకటే కోరిక. నంద్యాలలో సొంతంగా రెండు గదుల ఇల్లు. అది ఎందుకో నాకు బాగా తెలుసు. అమ్మను సమాధి చేసిన వారానికే బంధువులు మా నట్టింట్లో కూర్చుని, పెండ్లి వద్దన్న ఈ పిల్ల ముందు ముందు ఎవరింట్లో ఉండాలో మాట్లాడుకున్నారు. వానాకాలం పెదనాయన ఇంట్లో, ఎండాకాలం మేనత్త ఇంట్లో అని వంతులు కూడా వేశారు. ఆ మాటలన్నీ వింటూనే అక్క వాళ్లకు కాఫీలు అందించింది. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడుగుతూ నాతో అంది: "తల దాచుకునేదానికి నేను ఎవుర్నీ అడగను మే. సచ్చినా అడగను."

డబ్బు నంద్యాల మండీ షావుకారు దగ్గర పెట్టాలని నాయన పట్టు. మా వైపు రైతులందరిదీ అదే పద్ధతి. పత్తి అమ్మిన డబ్బు షావుకారు దగ్గరే ఉంచి, అవసరమైనప్పుడల్లా పోయి తెచ్చుకునేవాళ్లు.

"దమ్మిడీ తీసుకోడు. ఊరికే పెట్టుకుంటాడు. బ్యాంకోడు పెట్టుకుంటాడా?" అన్నాడు నాయన.

ఆ 'ఊరికే' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండేది. పక్క మండీలో ధర ఎక్కువ పలికినా మా బండి అటు తిరిగేది కాదు. తూకంలో తరుగని, గుడికి ధర్మమని షావుకారు ఎంత కోసినా నాయన తల ఊపేవాడు. ఎందుకని ఒకసారి గట్టిగా అడిగితే, "దుడ్లు ఆయనకాడ ఉంటే పత్తి యాడికి పోతాది?" అన్నాడు. ఎంత ఊరికేనో దాంతోనే తేలిపోయింది. ఆ మాటే ఇప్పుడు గుర్తుచేసి దులిపేశాను.

"ఊరికే వచ్చేది వద్దు. తక్కువలో అయ్యేది ఏదో సూద్దాం," అంది అక్క.

ఇద్దరం బస్సెక్కి నంద్యాల బ్యాంకుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా విసుక్కోకుండానే చెప్పాడు. ఖాతాలో ఎప్పుడూ ఇంత సొమ్ము ఉండాలి, తగ్గితే కోత పడుతుంది. విదేశం నుంచి వచ్చే డబ్బు జమ చేసినప్పుడల్లా కమీషను. చెక్కుల పుస్తకానికి వేరే. అక్క వేళ్ల మీద లెక్క వేసుకుని, సరే, భరించవచ్చు అన్నట్టు నావైపు చూసింది. అప్పుడు చెప్పాడాయన అసలు సంగతి: ఇక్కడ ఖాతా ఉన్న మనిషి ఎవరైనా మమ్మల్ని ఎరుగుదునని సంతకం పెట్టాలట.

ఆ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్లలో మేము ఎరిగింది ఒక్కరినే. ఆ షావుకారునే!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా అక్క వెనక్కు తగ్గలేదు, నేరుగా మండీకి నడిచింది. షావుకారు చెడ్డవాడేం కాదు. కూర్చోబెట్టి సోడా ఇప్పించాడు. విషయం విని పెద్దగా నవ్వాడు.

"మాకాడ పెడ్తే ఎలుకలు కొరుకుతాయా తల్లీ? సరేలే, సంతకం పెడ్తా. మీ నాయన పత్తి మాత్రం ఇంగొక అంగడికి పోగూడదు. అంతే."

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అక్క నా తొడ గిల్లి, సగం తాగిన సోడా కింద పెట్టి లేచింది. "సంతకం వద్దులే అప్పా," అంది.

బస్సెక్కి తిరిగొచ్చాం. ఆళ్లగడ్డలో దిగి నడుస్తుంటే పోస్టాఫీసు ఎదురైంది. కార్డులు, మనియార్డర్లు తప్ప అక్కడ ఇంకేమీ ఉండవని మా ఊళ్లో సగం మంది నమ్మకం, మాదీ అదే. అక్క మాత్రం ఆగి, లోపలికి వెళ్లి అడిగింది. రెండు రూపాయలతో ఖాతా పుస్తకం ఇస్తారు. కమీషను లేదు, కోత లేదు, పైగా కాస్త వడ్డీ. డబ్బు ఎవరైనా వేయవచ్చు, తీసేది మాత్రం సంతకం చేసినవాళ్లే. ఎరిగినవాళ్ల సాక్ష్యం సంగతి అడిగితే, "మిమ్మల్ని నేనే ఎరుగుదును కదమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మరునాడు నాయనను కూడా తీసుకుపోయాం. కాగితం నింపుతూ పోస్టుమాస్టరు, "మీ నాయన పేరు కూడా కలిపి రాద్దామా?" అని అడిగాడు. నాయన పక్కనే ఉన్నాడు.

"వద్దు సార్. నాదొక్కటే రాయండి," అంది అక్క. నాయన బయటికి పోయి నిలబడ్డాడు.

అక్క మలయా వెళ్లింది. మనియార్డర్లు నా పేరున వచ్చేవి. ఇంటి ఖర్చుకు ఆమె చెప్పినంత నాయన చేతిలో పెట్టి, మిగిలింది పుస్తకంలో వేసేదాన్ని. ఒక ఏడు విత్తనం వేసే మంచి పదునులో ఒక ఎద్దు చచ్చిపోయింది. నాయన నా ఎదురుగా కూర్చున్నాడు. నాకు రాత నేర్పింది అక్కే, మా ఇద్దరి చేతిరాతా ఒకటేనని ఆయనకు తెలుసు.

"అక్క మాదిరి సంతకం గీసియ్యి పాపా. ఎద్దుకు సాలేంత తీద్దాం."

"గీయను. జాబు రాస్తా, అడుగుదాం. పంపీదా ఏంది?"

"బిడ్డను నేను అడుక్కోవాల్నా?"

"తీసుకోవచ్చు గానీ అడగగూడదా నాయనా?" అన్నాను. ఆయన బాడుగ ఎద్దుతో సేద్యం చేసుకున్నాడు. పత్తి తీసేదాకా నాతో మాట్లాడలేదు. ఆ పంటకాలమంతా నేను ఏడుస్తూనే రొట్టెలు చేశాను, పుస్తకం మాత్రం ఇవ్వలేదు.

అక్క 1959లో తిరిగొచ్చింది. పోస్టాఫీసులో తానే సంతకం పెట్టి డబ్బు తీసుకుంది. నంద్యాలలో ఆసుపత్రి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు కొన్నది. సామాను బండిలో నాయనే తోలుకొచ్చాడు. అన్నీ దించి, ఎద్దులకు నీళ్లు పెట్టి, పొద్దు వాలాక కాళ్లు కడుక్కుని వచ్చాడు గానీ గడప దాటలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పాపా, ఈ పొద్దు నేనీడ పండుకోవచ్చునా?"

మా నాయన ఒకరిని అడగడం నేను వినడం అదే మొదలు. అక్క గబగబా లోపలికి పోయి చాప తెచ్చి, ముందు గదిలో గాలి తగిలే చోట పరిచింది. కళ్లలో నీళ్లు తుడుచుకోను కూడా ఆగలేదు.

"పండుకో నాయనా," అంది.