మామ్మగారికి ఇంకా చెప్పని ఇంజను

మార్చి పదకొండు, శుక్రవారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం నన్నెవరూ నిద్ర లేపకపోవడం. రోజూ తెల్లవారేసరికి గోడ అవతల నుంచి "ఆకాశం ఎలా ఉందే ఇవాళ?" అని పిలుపు వచ్చేది. నేను కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వెళ్ళి, ఆకాశం చూసి, చెప్పాలి. ఆ శుక్రవారం ఎండ కిటికీ ఊచల మీద పడేదాకా పడుకున్నాను. లేచి వెళ్ళేసరికి పక్కింటి బాబయ్యగారు మా నూతి పక్కన నిలబడి మా నాన్నగారితో మాట్లాడుతున్నారు.

"ఎప్పుడు పోయిందో తెలీదండీ. పక్కమంచం మీదే ఉన్నాను. కాఫీకి లేపితే లేవలేదు."

పోయినావిడ బాబయ్యగారి తల్లి. మాకు చుట్టం కాదు. కొత్తపేటలో మా వీధి అంతటికీ ఆవిడ మామ్మగారే. నేను ఇంటర్మీడియేట్ చదువుతున్నాను. నాకు పాఠాలు చెప్పిన మాస్టర్లు చాలామంది ఉన్నారు కానీ, ఒక మాటని ఎంచుకుని వాడడం నేర్పింది మాత్రం బడి మొహం చూడని ఈ మామ్మగారు. అందుకే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. ఆవిడ మీకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మామ్మగారికి చూపు పోయింది. నీటికాసులనే కంటిజబ్బు అన్నారు డాక్టరు. ముందు పక్కల నుంచి చీకటి పడుతూ వచ్చింది, చివరికి నట్టనడుమ మిగిలిన వెలుతురు కూడా పోయింది. ఆవిడ ఏడవడం నేను చూడలేదు. కానీ ఒక మధ్యాహ్నం గోడ దగ్గరికి వచ్చి, "ఇదిగో, నీకు కళ్ళున్నాయి, కబుర్లున్నాయి. రోజూ కాస్సేపు నాకు చూసి పెట్టు," అన్నారు. అలా మొదలైంది.

సులువనుకున్నాను. మొదటి రోజు వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తుంటే "పెళ్ళికూతురు చాలా బావుందండీ" అన్నాను.

"బావుందంటే నాకేం కనపడుతుందే? కట్టుకున్న చీరేం రంగు?"

"ఎరుపండీ."

"పండుమిరపకాయా, ఎండుమిరపకాయా?"

నేను మళ్ళీ వీధిలోకి పరిగెత్తాను. తిరిగొచ్చి "ఎండుమిరపకాయేనండీ, అంచు దగ్గర మాత్రం పండుది," అంటే, ఆవిడ తల ఊపి, "ఆఁ, ఇప్పుడు కనపడింది," అన్నారు. తరవాత నాకో నియమం పెట్టారు. ఏది చెప్పినా దేనిలా ఉందో చెప్పాలి. ఆ పోలిక ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు చేత్తో ముట్టుకున్న వస్తువై ఉండాలి. సముద్రమనీ, హిమాలయమనీ అంటే ఒప్పుకునేవారు కాదు. "నేను ఎక్కలేదుగా" అనేవారు. తొందర్లో ఏదో ఒకటి అనేస్తే, "బండి పోతే పోనీ, మాట పోగొట్టుకోకు," అనేవారు.

ఈ బండి మాట ఊరికే రాలేదు. మామ్మగారికి రైలంటే ప్రాణం. కోనసీమలో పుట్టినవాళ్ళకి రైలనేది గోదావరి దాటాక కనిపించే వస్తువు. మా వీధిలో రైలెక్కనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మామ్మగారు జన్మలో ఒక్కసారే ఎక్కారు, పెళ్ళయిన కొత్తలో అత్తమామలతో రామేశ్వరం వెళ్ళినప్పుడు. ఆ కథ నాకు కంఠతా వచ్చు. అయినా ఆవిడ నోట వింటేనే దానికి రుచి. "కిటికీ పక్కన కూచోపెట్టేరు. పొయ్యి లేదు, నుయ్యి లేదు, పిలిచేవాళ్ళు లేరు. నా జన్మలో పని లేకుండా కూచుని చూసింది ఆ రెండ్రోజులేనే. దేశం దానంతటది ఎదురొచ్చింది." ఇది చెప్పేటప్పుడు ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకునేవారు. మిగతా వేళల్లో ఆ చేతులు ఏ చింతపండు పిక్కలో తీస్తూనో, ఏ వత్తులో చేస్తూనో ఉండేవి.

కిందటి శీతాకాలంలో ఆవిడకి పేపరు చదివి పెడుతున్నాను. బెజవాడలో పాతకాలం ఇంజన్లనీ, కొత్తవాటినీ ఒకదాని వెనక ఒకటి నడిపించి జనానికి చూపిస్తారని ఒక మూల వార్త ఉంది. మామ్మగారు వత్తి చెయ్యడం ఆపేశారు.

"నేను వస్తాను," అన్నారు, అక్కడికి నేనేదో వెళ్తున్నట్టు.

బాబయ్యగారు వీధి అరుగు మీద పిల్లల పరీక్ష కాయితాలు దిద్దుకుంటున్నారు. "ఎక్కడికమ్మా? రైళ్ళ ఊరేగింపు చూడ్డానికా?"

"చూడ్డం నువ్వు చూడు. నేను వస్తాను."

"కళ్ళున్నవాళ్ళే ఆ తొక్కిసలాటలో నలిగిపోతారు. ఊళ్ళో వింటే నవ్వుతారు."

"నవ్వనీరా. నవ్వితే నాకు వినపడుతుంది, అదీ ఓ కాలక్షేపం."

రెండు రోజులు ఆవిడ అన్నం సగంలో వదిలేశారు. మూడో రోజు బాబయ్యగారు మా నాన్నగారి దగ్గరికొచ్చి, "మీ అమ్మాయిని పంపితే తీసుకెళ్తానండి. నేను చెప్తే ఆవిడకి ఆనదు," అన్నారు. అలా ముగ్గురం రైళ్ళు చూడడానికి బస్సెక్కాం. దారి పొడుగునా బాబయ్యగారు గొణుగుతూనే ఉన్నారు. మామ్మగారి ఒడిలో గుడ్డసంచీ, అందులో రెండు కొబ్బరికాయలు, పసుపూ కుంకం పొట్లాలు. ఊరేగింపు అన్నారు కదా అని తెచ్చారు. ఊరేగివచ్చేవాడి ముందు కాయ కొట్టకుండా ఎలా?

రైల్వే యార్డులో పట్టాల పక్కన వెదుళ్ళు కట్టి జనాన్ని వాటి వెనక నిలబెట్టారు. మా పక్కన కెమెరాలు మెడలో వేసుకున్న మనుషులు ఓ పదిమంది ఉన్నారు. వాళ్ళు ఇంజన్ల కోసమే ఎక్కడెక్కడినుంచో వచ్చారని తొందరగానే తెలిసింది. వాళ్ళలో రెండు పక్షాలు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆవిరి పక్షానికి నాయకుడు. నూనూగు మీసాల కుర్రాడొకడు కరెంటు పక్షం.

"ఇంజనన్నాక ఊపిరి పీల్చాలండీ, వదలాలండీ. మీ కరెంటుది ఇంజనా? బీరువా," అంటున్నారు టోపీ ఆయన.

"మీ ఆవిరిది ఊపిరి వదిలితే మా చొక్కాలు నల్లబడుతున్నాయి సార్," అన్నాడు కుర్రాడు.

మామ్మగారు ఈ పోట్లాటని పురాణకాలక్షేపంలా విన్నారు. ఆవిడ మొహం అంత విప్పారడం చూపు పోయాక నేను చూడడం అదే మొదటిసారి.

మొదట అన్నిటికంటే పాతది వచ్చింది. పొట్టిది, పూలదండలు వేశారు. టోపీ ఆయన దాని నెంబరూ, పుట్టిన ఊరూ ఏకరువు పెట్టడం మొదలెట్టారు. మామ్మగారు అటు తిరిగి, "నెంబరు నాకెందుకు నాయనా, ఆ కబుర్లు తరవాత. నువ్వు చెప్పవే," అన్నారు.

నేను చెప్పాను. వేణ్ణీళ్ళు కాచే రాగి కాగుని పక్కకి పడుకోబెట్టి చక్రాలు పెట్టినట్టుందని చెప్పాను. పొగగొట్టం రుబ్బురోలు పొత్రాన్ని నిలబెట్టినట్టుందని చెప్పాను. నలుపు కాటుక నలుపు కాదు, ఎంత తోమినా పోని మూకుడు అడుగు నలుపు. చక్రాలని కలిపే ఇనపకడ్డీ, ఆవిడ పప్పు రుబ్బేటప్పుడు మోచెయ్యి ఎలా వెళ్ళి వస్తుందో అలా వెళ్ళి వస్తోంది. మామ్మగారి మోచెయ్యి దానంతటదే కదిలింది. టోపీ ఆయన మాట్లాడడం మానేసి నా వైపు చూస్తున్నారు. "కాస్త గట్టిగా చెప్పమ్మా," అన్నారు.

సరిగ్గా అప్పుడే మా వెనక నుంచి "అశ్శరభ శరభ" అని కేక లేచింది. కనుమ నాడు మా వైపు భుజాల మీద దేవుడి ప్రభలు మోసుకుపోతూ వేసే కేక అది. బెజవాడకి కొబ్బరికాయల లోడుతో వచ్చిన మా కోనసీమ వాళ్ళు కొందరు లారీ వదిలి ఇటొచ్చారు. ఇంజను కదిలి రావడం చూసి వాళ్ళ నోటికి వేరే మాట తట్టలేదు. మామ్మగారు చేతులు జోడించారు. "మనవాళ్ళేనటే?"

"ఆయ్, అంబాజీపేటండీ," అని వెనకనుంచే జవాబొచ్చింది.

కొబ్బరికాయ కొడతామంటే పోలీసాయన వీల్లేదన్నారు. టోపీ ఆయన ఏం మాట్లాడారో, వెదుళ్ళ కిందనుంచి దూరి కాయ తీసుకెళ్ళి డ్రైవరుకి అందించారు. డ్రైవరు వంగి మామ్మగారికి నమస్కారం పెట్టి, ఆగినప్పుడు కొడతానని సైగ చేశాడు. నేను ఆ సైగని కూడా చెప్పాను.

డీజిలుది వచ్చినప్పుడు నా పని ఇంకా సులువైంది. "పొడుగాటి ట్రంకుపెట్టెండీ" అనేలోపే ఆవిడే, "చప్పుడు మాత్రం బియ్యం మిల్లులా ఉంది. నాకు తెలుసులే," అన్నారు.

ఆ తరవాత జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. కరెంటింజను. అది మా ముందుకి ఎప్పుడొచ్చిందో నాకే సరిగ్గా తెలియలేదు. పొగ లేదు, ఆవిరి లేదు, కదిలే కడ్డీల్లేవు. చిన్న ఝుంకారం ఉందేమో, అది చప్పట్లలో కలిసిపోయింది. నెత్తిమీద ఏదో తీగని తాకుతూ ఉంది. నేను నోరు తెరిచాను. కాగు, పొత్రం, మూకుడు, ట్రంకుపెట్టె, ఆవిడ చేతికి తెలిసిన సామానంతా నా బుర్రలో గిర్రున తిరిగింది. ఒక్కటీ నిలవలేదు.

"ఏదే? తరవాతది ఎప్పుడొస్తుంది?" అన్నారు మామ్మగారు.

"వచ్చిందండి. వెళ్ళిపోతోందండి."

"వచ్చిందే తెలీలేదు, వెళ్ళిపోవడమేమిటే?" ఆవిడ మొహం కుడికీ ఎడమకీ తిప్పుతున్నారు. ఎటు తిప్పాలో తెలియక తిప్పుతున్నారు. "కాళ్ళ కింద నేల కాస్త వణికింది. అదేనా?"

"అదేనండి."

టోపీ ఆయన, "చూశారా, నేనన్నది ఇదేనండి," అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు.

తిరుగు బస్సులో మామ్మగారు ఒక్క మాటే అన్నారు. "ఆ మూగబండి ఒక్కటీ మిగిలిపోయిందే. మెల్లిగా చెబుదువుగానిలే." అప్పటినుంచి అది మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది. ఒక రోజు గోడ దగ్గర, "అరిగిపోయిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంటుందండీ," అన్నాను.

"సబ్బుబిళ్ళకి అంతమంది చప్పట్లు కొడతారుటే?"

ఇంకో రోజు పాము అన్నాను. "పాముని నేను ముట్టుకోలేదు, నువ్వూ ముట్టుకోలేదు. ఎవరి పోలికే అది?" మరోసారి బల్లకట్టు అన్నాను, నీటి మీద చప్పుడు లేకుండా జరుగుతుంది కదా అని. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది. చివరికి, "బల్లకట్టుని మనుషులు లాగుతారు, ఆయాసం వినపడుతుంది. ఇది కాదు," అన్నారు. విసుక్కోలేదు. "నువ్వు ఇంకా దాన్ని చూడలేదే. చూశాననుకుంటున్నావు. చూసిన రోజు మాట దానంతటదే వస్తుంది," అన్నారు.

నేను పుస్తకాల్లో వెతికాను. కాలేజీ లైబ్రరీలో నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. నున్నన, మెత్తన, నిశ్శబ్దం, ఎన్ని మాటలో ఉన్నాయి. ఆ మాటల మీద నాకున్న మోజు అబద్ధం కాదు, కానీ ఒక్కటీ గోడ దాటి ఆవిడ చేతుల్లోకి వెళ్ళేది కాదు. ఫిబ్రవరిలో ఆవిడ మంచం పట్టారు, గోడవైపు కిటికీ పక్కన మంచం వేయించుకుని పొద్దున్నే అక్కణ్ణించే పిలిచేవారు. మంచం పక్కన కూర్చుంటే అడగడం మాత్రం మానలేదు. ఆఖరుసారి అడిగినప్పుడు, "పరీక్షలయ్యాక తీరిగ్గా చెబుతానండీ," అన్నాను. "సరే, నేనెక్కడికీ పోనుగా," అన్నారు.

శుక్రవారం సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆ ఇంట్లో ఆవిడ మంచం తీసేశారు. శనివారం తెల్లవారకుండానే మెలకువ వచ్చింది. పిలుపు లేదు. అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్ళాను, తలెత్తి చూశాను. ఆకాశం ఎలా ఉందో నాలో నేను చెప్పుకోబోయాను. చెప్పించుకునే మనిషి లేకపోతే చూసినది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కర్మకాండ అయ్యాక బాబయ్యగారు నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అస్థికలు కొన్ని ఇక్కడ గోదావరిలో కలిపి, కొన్ని కాశీకని ఉంచారు. ఆవిడ కాశీ ఎప్పుడూ చూడలేదు. బెజవాడలో బండెక్కాలి.

"మీ నాన్నగారితో చెప్పేను," అన్నారు నాతో, నా వైపు చూడకుండా. "నిన్ను తిరిగి తీసుకురాడానికి ఆయనా వస్తున్నారు. బెజవాడ దాకా నువ్వూ రా. మద్రాసు నుంచి ఆ బండిని కరెంటింజనే లాక్కొస్తుందిట. బెజవాడలో దాన్ని విప్పి వేరేది తగిలిస్తారుట. కాస్సేపు ఆగుతుంది."

నేను కుర్చీ తెచ్చి వేశాను.

"నేనూ ప్రయత్నం చేసేనమ్మా," అన్నారాయన. "నువ్వు కాలేజీకి వెళ్ళినప్పుడు నన్నడిగేది. తెల్లగా పొడుగ్గా ఉందన్నాను. 'నువ్వు లెక్కల మాస్టారివిరా' అంది." ఆయన నవ్వారు, తరవాత ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు.

రేపు పొద్దున్న మొదటి బస్సు. బాబయ్యగారి చేతిలో గుడ్డ చుట్టిన రాగిచెంబు ఉంటుంది. బండి వచ్చాక ఆయన ఎక్కి కూర్చుంటారు, నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెళ్తాను, ఇంజను ఆగే చోటికి. ఏ పోలికా సిద్ధం చేసుకుని వెళ్ళను. డ్రైవరుగారిని అడిగి, ఒప్పుకుంటే, రెండు అరచేతులూ దాని పక్క మీద ఆనిస్తాను. వేడిగా ఉందో, చల్లగా ఉందో, లోపల ఏమైనా కొట్టుకుంటోందో చూస్తాను. తరవాత వెనక్కి వచ్చి, బాబయ్యగారు కూర్చున్న చోట కిందనే నిలబడి, ఆ చెంబుకి వినపడేలా చెబుతాను.